ఏడులో నడిచిన ఊరు

వేలాడిన ఇరవై రెండో ఏడు, రోజు 338
తాళం: ఏడు. గుండు కదలిక: వేలెడు.
రిమార్కులు:

ఈ గడిలో "ఏమీ లేదు" అని రాయాలంట. నాకు ముందు పెద్ద డ్రమ్ము కొట్టిన ముసలాయన పదమూడేళ్ళు అదే రాసి రాసి పోయేడు. నేను తొమ్మిదేళ్ళ నించీ ఈ గడి దాటి పక్క పేజీలోకి పాకుతున్నాను. అయిదో క్లాసులో మాస్టారి కుర్చీకి బంక రాసినందుకు బడి మాన్పించేరు గానీ, లేకపోతే ఇంకా పెద్ద పుస్తకాలే రాద్దును.

పొద్దున్న పని ఎప్పటిదే. ఊరి మధ్యన నడిచౌకులో పళ్ళెం ఇసక చదును చేసేను. పైన దూలానికి వేలాడే ఇనపగుండు మొన ఆ ఇసకని తాకీ తాకనట్టుంటది. ఊరు ఊగితే గీత పడుద్ది. వేలెడు గీతంటే ఊరు ఊపిరి పీల్చినట్టు, పర్లేదు. బెత్తెడైతే కొలతల ఆఫీసుకి చెప్పాలి. జానెడైతే గంట కొట్టి జనాన్ని అటు కొండ మీదకీ ఇటు కొండ మీదకీ తోలెయ్యాలి. ఉట్టి మీద కుండలాగ రెండు కొండల మధ్య వేలాడే ఊరు మాది, కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు. సాలెతాడు తెగదులెండి. షెడ్డుల్లో పురుగుల చేత నేయించే తాడది, ఏనుగులు లాగినా తెగదు. భయమల్లా దాన్ని పట్టుకున్న కొక్కేల గురించే, అవి రాతిలో మనిషి దిగ్గొట్టినవి.

తర్వాత డ్రమ్ము భుజానేసుకుని వంతెన మొదట్లోకి. మేళం ముప్ఫై అయిదుగురం. షెడ్డులకి పోయే జనం రాగానే మా బావ ధర్మలింగం మాస్టారు కర్ర ఎత్తుతాడు, మేం ఏడు అందుకుంటాం. తకిట, తక, తక. మూడు, రెండు, రెండు. మనిషికి రెండే కాళ్ళు గదా, ఏడులో మొదటి దెబ్బ ఓసారి ఎడమకాలికి పడుద్ది, ఓసారి కుడికాలికి. ఎవడి అడుగు ఎక్కడ పడుతుందో వాడికే తెలీదు, తూలుకుంటూ పోతాడు. అదే కావాల్సింది. ఆరువేలమంది ఊళ్ళో రెండువేలమంది వంతెన ఎక్కుతారు, వాళ్ళ కాళ్ళు ఒకేసారి పడకూడదు, అంతే.

ఈ పుస్తకంలో గడులు మూడున్నొక్కటి. మూడు తర్వాతి అంకె మా ఊళ్ళో నోటితో అనరు, చేత్తో రాయరు. రోజుల అంకెలు మాత్రం ఆఫీసే అచ్చేసి ఇస్తది. వేలాడిన కొత్తలో ఓ పెళ్ళి ఊరేగింపు ఆ తాళంలో నడిచింది. అందరి కాళ్ళూ కలిసి పడ్డాయి. పాత వంతెన ఊగి ఊగి తిరగబడింది. పదకొండుమంది పోయేరు. ఆ మేళానికి మాస్టారు మా బావ వాళ్ళ నాన్న. ఆయనా పోయేడు. పెద్దదినం అయిన మర్నాడే బావ ఏడు కట్టి ఊరికిచ్చేడు.

రోజు 341
తాళం: ఏడు. గుండు కదలిక: రెండు వేళ్ళు.
రిమార్కులు:

రెండు వేళ్ళంటే కంగారేం లేదు. గాలై ఉంటది.

ఇవాళ్టి నించీ పెద్ద కచేరీకి సాధన. ఊరు వేలాడిన రోజు, అంటే 365న, ఊరంతా నడిచౌకులో నిలబడి వింటది. బావ కొత్తగా కట్టేడు, గంటసేపు, మొత్తం ఏడే. దీన్ని జాజు అంటారు. పాత కాలం నించి మిగిలిన వాయింపు. అందరూ కలిసి ఒక మాటంటారు. తర్వాత ఒక్కొక్కడూ లేచి ఆ మాటకి తనకి తోచిన జవాబు చెప్తాడు. సాక్సాఫోనోడు ఏడుస్తాడు, ట్రంపెటోడు తిడతాడు, క్లారినెట్టోడు మధ్యలో చాడీలు చెప్తాడు. చివర్న మళ్ళీ అందరూ కలుస్తారు. మా వీధి కొళాయి దగ్గర తగువు ఎలా నడుస్తదో అచ్చం అలాగే.

సాధన మధ్యలో ట్రంపెటోడి బాకాలో నేను దూర్చిన ఉల్లికాడ ఎగిరి బావ జుట్టు మీద పడింది. బావ దాన్ని తీసి, వాసన చూసి, జేబులో పెట్టుకుని, తాళం మాత్రం తప్పలేదు. ఆయన్ని తాళం తప్పించాలని తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. ఇంతవరకూ కాలేదు.

రోజు 347
తాళం: ఏడు. గుండు కదలిక: బెత్తెడు.
రిమార్కులు:

బెత్తెడు. నా తొమ్మిదేళ్ళలో చూళ్ళేదు. ఆకు కూడా కదల్లేదివాళ, గాలి కాదు. పళ్ళెం ముందు గొంతుక్కూచుని మూడుసార్లు వేళ్ళు పెట్టి చూసేను.

కొలతల ఆఫీసుకి పరిగెత్తేను. జుబేదా మేడం గారు నా మొహం చూసి నవ్వేరు. నవ్వుతారు మరి. రెండేళ్ళ కిందట ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన వారానికి, ఇసకలో నా చూపుడువేలుతో జానెడు గీత గీసి పెట్టేను, సరదాకి. ఆవిడ గంట కొట్టించేసేరు. సంత సంతంతా కొండ మీదకి పరిగెత్తింది. ఇడ్లీ పిండి గంగాళంలో మునసబు గారి కాలు మోకాటి దాకా దిగింది. ఊరంతా ఆర్నెల్లు నవ్వింది, ఆవిడ తప్ప.

"తాతబ్బాయి గారూ, మీ వేలి కొలత నాకు కంఠతా అండి. ఈసారి ఇంకో వేలు వాడాల్సింది," అన్నారావిడ.

ఒట్టు పెట్టేను. ఆవిడ ఓపిగ్గా యంత్రం చూపించేరు. కొక్కెం కొక్కేనికీ దాని చెవి ఒకటుందంట, ఎంత ఊపు వచ్చినా తెలిసిపోద్దంట. అద్దం మీద గీత చెరువు నీళ్ళలాగ కదలకుండా ఉంది. మేళం ఊపు కూడా వింటదా అనడిగేను. వినదన్నారు. మొదట్లో మా డ్రమ్ము మోతకే ఊరికే గంట మోగించేసేదంట, అందుకని ఏడులో వచ్చే ఊపుని లెక్కలోంచి తీసెయ్యమని దానికి చెప్పి పెట్టేరంట. ఏడు ఎప్పుడూ మంచిదే గదా అని.

అప్పుడు నాకేమీ తట్టలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూచున్నాక తట్టింది. ఊరు ఊగేది ఏడులోనే అయితే ఆ యంత్రానికి వినపడదు.

రోజు 348
తాళం: ఏడు. గుండు కదలిక: బెత్తెడూ రెండు వేళ్ళూ.
రిమార్కులు:

కడుపునొప్పి అని చెప్పి డ్రమ్ము పక్కవాడికిచ్చి, నీళ్ళ ట్యాంకు ఎక్కేను. పైనించి మా జనం నడక నేనెప్పుడూ చూళ్ళేదు. కొట్టేవాణ్ణి గదా, డ్రమ్ము తప్ప నాకేం కనపడుద్ది.

మేళం అందుకుంది. జనం వంతెన మీదకొచ్చేరు. ఒక్కడూ తూలట్లేదు. మూడు చిన్నడుగులు, కాస్త ఆగి రెండు, మళ్ళీ రెండు. పాలమ్మే ఆవిడ, గడ్డం తాత, చంకలో పిల్లనెత్తుకున్న తల్లి, అందరిదీ అదే నడక. "త" పడిన ప్రతిసారీ అందరి కాలూ దిగుతుంది. ఎడమో కుడో, ఏదైతేనేం, దిగుతుంది. రెండువేల తలకాయలు ఒక్కసారి ముణిగి ఒక్కసారి లేస్తున్నాయి, వరిచేలో గాలి పోయినట్టు.

ట్యాంకు నిచ్చెన పట్టుకుని అలాగే ఉండిపోయేను. ఇరవై రెండేళ్ళు పొద్దున్నా సాయంత్రం కొట్టేం. ఊరు నేర్చేసుకుంది. ఇవాళ మనం కొడుతున్న ఏడు, ఆ రోజు పెళ్ళివాళ్ళు కొట్టిన తాళం, రెండూ ఒకటే అయిపోయేయి.

రోజు 350
తాళం: ఏడు. గుండు కదలిక: బెత్తెడూ రెండు వేళ్ళూ.
రిమార్కులు:

ముందు మా అక్క మంగాయమ్మకి చెప్పేను. అక్క నవ్వలేదు. నెల్రోజులుగా పొద్దున్నే మేళం టైముకి వంటింట్లో గిన్నెల మీద మూతలు ఒక్కసారే చప్పుడు చేస్తున్నాయంది. ఎలకలనుకుందంట. "మీ బావకిప్పుడు చెప్పకురా. కచేరీ కానీ. ఆ ఒక్కరోజు కోసం మనిషి బతికున్నాడు," అంది.

కచేరీ రోజునే అక్కా, ఆరువేలమందీ ఒకే చోట నిలబడేది, అన్నాను. అక్క గిన్నెల మీద మూతలన్నీ తీసి పక్కన పెట్టేసింది.

బావకి చెప్పేను. మొత్తం విన్నాడు. క్లారినెట్టు రీడు తడుపుకుంటూ విన్నాడు. కచేరీ అయిదులో కట్టు బావా, తొమ్మిదిలో కట్టు, ఏడు మాత్రం వద్దు అన్నాను.

"ఉల్లికాడ అయ్యింది, ఇప్పుడిదా," అన్నాడు.

"మా అక్క మీద ఒట్టు బావా."

"మీ అక్క మీద నువ్వు పెట్టిన ఒట్లు నిజమైతే నేను ఏడుసార్లు విధురుణ్ణయ్యేవాణ్ణిరా." నవ్వలేదు, రీడు కింద పెట్టేడు. "మా నాన్న మేళం పదకొండుమందిని చంపింది. నా మేళం ఇరవై రెండేళ్ళలో ఒక్కణ్ణి చంపలేదు. నాకున్నదల్లా అదొక్కటే. దాంతో మాత్రం ఆడుకోకు."

తొమ్మిదేళ్ళు నేను విత్తింది, ఇప్పుడు మొలిచింది.

రోజు 364
తాళం: ఏడు. గుండు కదలిక: బెత్తెడూ మూడు వేళ్ళూ.
రిమార్కులు:

మునసబు గారికి చెప్పేను, మోకాలు చూపించేరు. మేళంలో ఒక్కొక్కడికీ చెప్పేను, ట్రంపెటోడు ఈసారి బాకాలో ఏం పెట్టేవని తిప్పి తిప్పి చూసుకున్నాడు. జుబేదా మేడం గారికి మళ్ళీ చెప్పేను. ఏడుని లెక్కలో కలిపి ఒక్కసారి చూడమన్నాను. పై ఆఫీసు ఒప్పుకుంటే గానీ యంత్రం ముట్టుకోకూడదన్నారు. అయినా ఈసారి నవ్వలేదావిడ.

రేపు నేను రానని చెప్దామనుకున్నాను. నేను రాకపోతే పక్కవాడు కొడతాడు, ఇంకా గట్టిగా కొడతాడు. వెళ్తాను.

రోజు 365
తాళం:
గుండు కదలిక: జానెడూ బెత్తెడూ.
రిమార్కులు:

ఇవాళ డ్రమ్ము కొట్టిన చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకండి.

మధ్యాహ్నం మూడింటికి మొదలెట్టేం. నడిచౌకు నిండిపోయింది, జనం అరుగుల మీదా మెట్ల మీదా. తాళ్ళ నిండా జెండాలు. గుండూ పళ్ళెమూ సరిగ్గా నా డ్రమ్ము పక్కనే.

ఒక మాట రాయాలి. బావ కట్టింది గొప్పగా ఉంది. వెటకారం కాదు. ముందు ట్రంబోన్లు ఒక్కటే అన్నాయి, చాలా కింద, దుప్పటి కిందనించి ఎవరో పిలిచినట్టు. తర్వాత క్లారినెట్లు జవాబిచ్చేయి. సాక్సాఫోనోడు లేచి వాయిస్తుంటే పక్కనున్న తిక్కన్నాళ్ళ ముసల్ది కొంగు నోట్లో పెట్టుకుంది. ముప్ఫై అయిదుమందిమీ కలిసి ఏడు అందుకున్నప్పుడు నా ఒంటి మీద వెంట్రుకలు లేచేయి. జనం కాళ్ళు కదపడం మొదలెట్టేరు. ముందు మడమలు. తర్వాత పాదాలు. ఎవరూ చెప్పలేదు. సంతోషానికే.

గీత వేలెడైంది. బెత్తెడైంది. నేను కొడుతూ ఇసక కేసే చూస్తున్నాను. ఎక్కడో కొండ వైపు నించి తాళ్ళు మూలగడం మొదలెట్టేయి, సన్నగా. జెండాలన్నీ ఒకే వైపు వెళ్ళి ఒకే వైపు వస్తున్నాయి. ఒక్కడూ చూడట్లేదు. బావ కళ్ళు మూసుకున్నాడు.

జానెడు.

గంట తాడు చౌకుకి ఆ చివరుంది, మధ్యలో ఊరంతా. కొట్టడం ఆపేసేను. ఆపితే ఆగుద్దనుకున్నాను. ఆగలేదు. డ్రమ్ము లేకుండానే ఆరువేల కాళ్ళు "త" మీద దిగేయి. మళ్ళీ దిగేయి. ఊరే డ్రమ్మైపోయింది. చౌకు పలకలు నా కాళ్ళ కింద పక్కకి వెళ్ళడం తెలుస్తోంది.

అప్పుడు కొట్టేను. ఎక్కడ కొట్టకూడదో అక్కడ. "త" పడే ముందు ఒకటి. అయిదుకి ఒకటి. తర్వాత తొమ్మిదికి. తర్వాత రెండు పక్కపక్కన. తర్వాత అసలు లెక్కే లేదు, చెయ్యి ఎటు పోతే అటు. నా బలమంతా పెట్టేను. ట్రంబోన్లు తడబడ్డాయి. ట్రంపెటోడు ఒక చోట, క్లారినెట్లు ఇంకో చోట. ముప్ఫై అయిదుమంది మేళం మెట్ల మీంచి దొర్లిన ఇత్తడి సామానులాగైపోయింది. జనం కాళ్ళు తప్పేయి. ఒకడి మీద ఒకడు తూలేరు. ముందు నవ్వేరు, తాతబ్బాయి మళ్ళీ మొదలెట్టేడ్రా అని. తర్వాత తిట్టేరు. తర్వాత చెప్పులు విసిరేరు. విసరనీ. చెప్పులు విసిరేవాడి కాళ్ళు పక్కవాడితో కలవవు.

గీత జానెడూ బెత్తెడు దగ్గర ఆగింది. వెనక్కొచ్చింది. తాళ్ళు మూలగడం మానేసేయి.

మూలిగేయని ఎవరికీ తెలీదు.

బావ కళ్ళు తెరిచి మేళం మధ్యలోంచి నడిచి నా దగ్గరకొచ్చేడు. నా చేతిలో కర్ర లాక్కోలేదు, ఒక్కో వేలూ విప్పి తీసుకున్నాడు.

"నేను చచ్చిన రోజున చెయ్యి ఇలాగ. నవ్వుకుంటాను," అన్నాడు. "ఇవాళెందుకు చేసేవురా."

పళ్ళెం చూపించేను. బావ చూసేడు. ఇసకలో అంత గీత. నా చూపుడువేలు కూడా చూసేడు.

ఇరవై మూడో ఏడు, రోజు 1
తాళం: లేదు, మేళం రాలేదు. గుండు కదలిక: వేలెడు.
రిమార్కులు:

పొద్దున్న తలుపు ఎవరూ తట్టరనుకున్నాను. జుబేదా మేడం గారు తట్టేరు. పండగైన మర్నాడు జెండాలు విప్పించేటప్పుడు కొక్కేలు చూడ్డం ఆవిడ పని. ఉత్తరపు కొండకి వెళ్ళొచ్చేరంట. చీర నిండా రాతిపొడి.

"మీరొకసారి రావాలండి," అన్నారు.

వెళ్ళేను. మూడో కొక్కెం మనిషి తొడంత ఉంటది. ఇరవై రెండేళ్ళ తుప్పు రంగు. రాతి దగ్గర మాత్రం కొత్త పెళ్ళికూతురి గాజులాగ మెరుస్తోంది. ఆ మెరుపు ఎంతుందో జాన పెట్టి చూసేను. సరిగ్గా జానెడు. అంత బైటికొచ్చేసింది. రాతి లోపల ఇంక ఎంత మిగిలుందని అడిగేను.

ఆవిడ చూపుడువేలు చూపించేరు.

ఇద్దరం ఆ రాతి మీదే కూచుండిపోయేం. కింద ఊళ్ళో పొయ్యిల పొగ లేస్తోంది. ఎవరో పిల్లని తిడుతున్నారు, ఇక్కడిదాకా వినపడుతోంది.

రోజు 3
తాళం: లేదు. గుండు కదలిక: రెండు వేళ్ళు.
రిమార్కులు:

కొక్కెం చుట్టూ ఇనుము పోస్తున్నారు. ఆఫీసు చాటింపు వేయించింది, ఏడు నిషేధం అని. జనం నా ఇంటి ముందు చెప్పులు వెతుక్కోడానికొచ్చినట్టు వచ్చి, నిలబడి వెళ్ళిపోతున్నారు. మునసబు గారు ఇడ్లీలు పంపించేరు.

మేళం లేకపోయినా జనం ఏడులోనే నడుస్తున్నారు. ఒంటి నించి పోలేదది. రెండు వేళ్ళు అందుకే.

బావ గదిలోంచి రాలేదు. అన్నం పళ్ళెం ఎలా పెట్టిందో అలాగే వెనక్కి తెస్తోంది అక్క.

రోజు 5
తాళం: చెప్తాను. గుండు కదలిక: మూడు వేళ్ళు.
రిమార్కులు:

బావ వచ్చేడు. గడ్డం మాసిపోయింది. నా పెద్ద డ్రమ్ము ముందు కూచుని, "తప్పు కొట్టడం నేర్పు," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు.

నేర్పేను. ముందు ఒకటి కొట్టు బావా, తర్వాత ఎప్పుడనిపిస్తే అప్పుడు కొట్టు. కొట్టేడు. ఏడులో పడింది. మళ్ళీ కొట్టేడు. ఏడు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ కొట్టేడు. ఏడు, ఏడు, ఏడు. ఊళ్ళో ఎవరికీ రాని విద్య ఆయనకొచ్చు, ఊళ్ళో గేదెలకి కూడా వచ్చిన పని ఆయనకి రాదు. ఇన్నేళ్ళూ ఆయన తాళం తప్పాలని నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి, చెయ్యి పట్టుకుని ఆపేసేను. ఇక చాలు బావా అన్నాను.

మధ్యాహ్నం మేళాన్నంతా పిలిచి వాళ్ళకి నేర్పేను. నేను కచేరీలో కొట్టినట్టే, వరస లేకుండా. అందరూ రెండుసార్లు విన్నారు. మూడోసారి అందరూ కలిసి కొట్టేరు. నా తప్పుని, ఎక్కడా తప్పకుండా, ఒక్క మనిషి కొట్టినట్టు కొట్టేరు. బైట రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో దానికి తగ్గట్టు అడుగులేస్తూ పోయేరు.

కర్ర కింద పడేసేను. బావ మాత్రం తల ఎత్తేడు. అయిదు రోజుల్లో మొదటిసారి.

"వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు వింటున్నార్రా," అన్నాడు. "వినమని నేర్పింది నేనే."

లేచి అక్క దగ్గరకి వెళ్ళి, పాత పరుపు చింపి దూది తెచ్చేడు.

రోజు 6
తాళం: ముప్ఫై అయిదు. గుండు కదలిక: లేదు.
రిమార్కులు:

పొద్దున్న వంతెన మొదట్లో బావ ఒక్కొక్కడి ముందూ నిలబడి, చెవుల్లో తనే దూది కుక్కేడు, పెళ్ళికొడుక్కి బుగ్గచుక్క పెట్టినంత జాగ్రత్తగా. ఎవడి లెక్క వాడిదన్నాడు. పక్కవాడి కేసి చూడొద్దన్నాడు. నాకూ పెట్టేడు. ఊరు మాయమైపోయింది. నా నెత్తురు చప్పుడు ఒక్కటే.

బావ చెవుల్లో మాత్రం పెట్టుకోలేదు. ఒకడు వినాలంట, ఎవరైనా కలుస్తున్నారేమో చూడ్డానికి.

కర్ర ఎత్తేడు. కొట్టేను, నాకేం తోస్తే అది. పక్కన ట్రంపెటోడి బుగ్గలు ఉబ్బుతున్నాయి. ఏం వాయిస్తున్నాడో తెలీదు. జనం వంతెన మీదకొచ్చి బిత్తరపోయేరు. చెవులు మూసుకున్నారు. తూలేరు. ఒకావిడ ఎడమకాలు రెండుసార్లు వేసింది. ఒకాయన ఆగి, తిరిగి, మళ్ళీ బయల్దేరేడు. ఒక్కడి అడుగు ఇంకొకడితో కలవలేదు. ట్యాంకు ఎక్కక్కర్లేదు, కింద నించే కనపడుతోంది. నడిచౌకులో పళ్ళెం దగ్గర నిలబడ్డ జుబేదా మేడం గారు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. గీత లేదని.

బావ మేళం మధ్యలో నిలబడి వింటున్నాడు. తల ఒక పక్కకి వాలింది. ముప్ఫై అయిదు బాకాలూ డ్రమ్ములూ ఆయన చెవుల్లోనే పోస్తున్నాం, ఆయన ఒక్కడికే. కళ్ళమ్మట నీళ్ళు కారి గడ్డంలోకి పోతున్నాయి, తుడుచుకోలేదు. మేం ఆపగానే ఏదో అన్నాడు. దూది వల్ల వినపడలేదు నాకు.

మళ్ళీ అన్నాడు, కర్ర పైకెత్తి. ఈసారి మూతి చూసి తెలుసుకున్నాను.

"ఇంకోసారి."